కాగితం మీద 237 గుర్రాలు, స్ట్రిప్ మీద 202: జయపురం ఆక్టేవియా కేసు

బండి స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్‌ఐ, ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్). కంపెనీ లెక్క 180 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు. ఓనరు మా జయపురంలోనే సివిల్ కాంట్రాక్టులు చేసుకునే కుర్రాడు. తాత రోజుల్లో సాలూరు నుంచి ఘాటెక్కి వచ్చి ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. బెంగళూరులో చదువుకున్నప్పుడు బండ్ల పిచ్చి పట్టింది, అక్కడే స్టేజ్ 1 రీమ్యాప్ వేయించాడు, అంటే పవర్ పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్ మార్పించాడు. డైనో (చక్రాల కింద రోలర్లతో పవర్ కొలిచే యంత్రం) మీద ఎక్కించి తీసిన ప్రింటవుట్‌ని లామినేషన్ చేయించి డాష్‌బోర్డ్ డబ్బాలో పెట్టుకు తిరుగుతాడు. అందులో పెద్ద అక్షరాల్లో 237 హెచ్‌పీ.

చెన్నై దగ్గర అనుమతితో జరిగిన ఒక డ్రాగ్ ఈవెంట్‌కి (తిన్నటి స్ట్రిప్ మీద ఆగిన చోటు నుంచి పరుగు) దాదాపు వెయ్యి కిలోమీటర్లు నడుపుకుని వెళ్లాడు. పావు మైలు, అంటే 402 మీటర్లు. బాగా పడిన పరుగులో ఈటీ, అంటే మొత్తం పట్టిన సమయం, 15.42 సెకన్లు, ట్రాప్ స్పీడ్, అంటే చివరి గీత దగ్గరి వేగం, గంటకి 149.2 కిలోమీటర్లు. ఆ తరవాత ప్రతి పరుగుకీ తగ్గుతూ చివరిది 145.8కి దిగింది. ఊరికి తిరిగొచ్చి నా షెడ్డులో బండి ఆపి, ప్రింటవుట్ ఒక చేత్తో, టైమ్ స్లిప్పులు ఇంకో చేత్తో పట్టుకుని అడిగిన మొదటి మాట: "ఏటన్నా ఇది, మిగతా గుర్రాలు సుంకి ఘాట్‌లో దిగిపోనాయా?"

ప్రశ్న వెటకారంగా ఉన్నా లెక్క తేల్చాల్సిందే. డైనో అబద్ధమని కొట్టిపారేసేవాళ్లూ, స్ట్రిప్ మీద డ్రైవర్ చేతగానివాడని తేల్చేసేవాళ్లూ మన దగ్గర సమానంగానే ఉన్నారు. ఈ బండి విషయంలో రెండూ తప్పే. డైనో కొలిచింది ఒకటి, కాగితం మీద అచ్చేసింది ఇంకొకటి, స్ట్రిప్ తూచింది మూడోది.

స్లిప్పులో ఏ అంకెను నమ్మాలి

టైమ్ స్లిప్ చేతికి రాగానే అందరూ ఈటీ చూస్తారు. పవర్ గురించి తెలుసుకోవాలంటే నేను చివర్లో ఉండే ట్రాప్ స్పీడ్ చూస్తాను. ఈటీలో లాంచ్ ఉంది, టైర్ పట్టు ఉంది, మొదటి గేర్‌లో చక్రం తిరిగిపోవడం ఉంది. స్టార్ట్ దగ్గర ఒక పదో వంతు సెకను పోతే చివర్లో దానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు పోతుంది. ట్రాప్ స్పీడ్ మాత్రం స్టార్ట్‌లో తడబడినా పెద్దగా మారదు. బండి బరువును ఇంజిన్ ఎంత గట్టిగా లాక్కెళ్లిందో ఎక్కువ భాగం అదే చెబుతుంది.

దీన్నుంచి గుర్రాలు తీయడానికి ప్యాట్రిక్ హేల్ సూత్రం చాలాకాలంగా వాడుకలో ఉంది. పౌండ్లు, మైళ్లలో దాని గుణకం 234. కిలోలు, కిలోమీటర్లలోకి మార్చుకుంటే 289 వస్తుంది. ట్రాప్ స్పీడ్‌ని 289తో భాగించి, వచ్చినదాన్ని ఘనం చేసి, డ్రైవర్‌తో కలిపిన బరువుతో గుణిస్తే ఇంజిన్ దగ్గరి గుర్రాలు సుమారుగా తెలుస్తాయి. సుమారుగా అని ఎందుకంటున్నానంటే వేగాన్ని ఘనం చేస్తున్నాం. వేగంలో ఒక శాతం తేడా పవర్‌లో మూడు శాతం అవుతుంది. వెనక గాలి కాస్త తోసినా నాలుగైదు గుర్రాలు ఊరికే పుట్టుకొస్తాయి.

బరువు దగ్గర ఎవరూ శ్రద్ధ పెట్టరు. బ్రోచర్‌లో ఉండే కెర్బ్ వెయిట్ వేసుకుని లెక్కలు కడతారు. మేం బండిని రైస్ మిల్లు పక్కన ధాన్యం లారీలు తూచే ధర్మకాటా మీదకి తీసుకెళ్లాం. ఈవెంట్ రోజున ఉన్నంత పెట్రోల్, అదే స్టెప్నీ, సీట్లో కుర్రాడు. 1,470 కిలోలు. ఆ కాటా పది కిలోల లెక్కన చూపిస్తుంది కాబట్టి అటూ ఇటూ ఒక గుర్రం తేడా ఉంటుంది, పర్లేదు. కాటా దగ్గర పనిచేసే పెద్దాయన "లోడేదీ?" అని బండి చుట్టూ తిరిగి మరీ చూశాడు.

ఇప్పుడు లెక్క. 149.2కి 202 హెచ్‌పీ. 145.8కి 189. కాగితం చెప్పిన 237 నిజంగా ఉండి ఉంటే ఇదే బరువుతో ట్రాప్ 157 దాకా రావాలి. అంటే మంచి పరుగులో 35 గుర్రాలు కనబడటం లేదు, చివరి పరుగుకి ఇంకో 13 పోయాయి. ఈ రెండు నష్టాలూ వేరువేరు కారణాల వల్ల వచ్చినవి. కలిపి వెతికితే ఏదీ దొరకదు.

జీపీఎస్ డబ్బాతో తీసిన అంకెలు కూడా కుర్రాడి ఫోన్‌లో ఉన్నాయి. అందులో 150.6 అని చూపిస్తోంది, స్లిప్పులో 149.2. ఇందులో గొడవేమీ లేదు. స్ట్రిప్ మీద ట్రాప్ స్పీడ్ అంటే గీతకి ముందున్న చివరి 66 అడుగుల, అంటే 20 మీటర్ల సగటు వేగం. జీపీఎస్ 402వ మీటర్ దగ్గరి వేగాన్ని చూపిస్తుంది. ఈ బండి ఆ వేగంలో ఇంకా పుంజుకుంటూనే ఉంటుంది కనక ఆ ఇరవై మీటర్లకి కిలోమీటరుకు పైగా తేడా రావడం సహజం. స్ట్రిప్ స్లిప్పును స్ట్రిప్ స్లిప్పుతోనే, జీపీఎస్‌ని జీపీఎస్‌తోనే పోల్చాలి.

కాగితం మీద పుట్టిన ముప్పై

ప్రింటవుట్ కింద చిన్న అక్షరాల్లో ఉన్నదాన్ని ఎవరూ చదవరు. లామినేషన్ మెరుపులో అది అసలే కనబడదు, కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చదివాను. మూడు విషయాలున్నాయి: కరెక్షన్ ఎస్‌ఏఈ (ఆ రోజు వాతావరణాన్ని బట్టి అంకెను దిద్దే ప్రమాణం), ఫ్యాక్టర్ 1.145, డ్రైవ్‌ట్రెయిన్ నష్టం (ఇంజిన్ నుంచి చక్రాల దాకా దారిలో పోయేది) 15 శాతం. ఇవి దొరికితే వెనక్కి నడవొచ్చు. 237లో 15 శాతం తీసేస్తే చక్రాల దగ్గర 201. దాన్ని 1.145తో భాగిస్తే 176. రోలర్ నిజంగా కొలిచింది ఆ 176 ఒక్కటే. మిగతాదంతా కంప్యూటర్ చేసిన గుణకారం.

డ్రైవ్‌ట్రెయిన్ 15 శాతం అన్నది ఒక ఆనవాయితీ. గేర్‌బాక్స్ ఆయిల్, బేరింగులు, టైర్ రోలర్ మీద నలగడం, బండిని ఎంత బిగించి బెల్టు కట్టారు, టైర్‌లో గాలి ఎంత, ఇవన్నీ కలిసిన నష్టం అది. కొంత స్థిరంగా ఉంటుంది, కొంత పవర్‌తో పెరుగుతుంది. ఒకే శాతంగా అన్ని బండ్లకీ కుదరదు. ఐనా దీనితో పేచీ పెట్టను. హేల్ లెక్క కూడా ఇంజిన్ దగ్గరి పవరే ఇస్తుంది కాబట్టి 176ని 0.85తో భాగించి 207 అనుకుందాం.

అసలు బరువంతా 1.145 దగ్గరుంది. బెంగళూరు సముద్రమట్టానికి 920 మీటర్ల ఎత్తున ఉంది. మా కొరాపుట్ 870 మీటర్లు, ఘాటు దిగితే జయపురం 650 పైచిలుకు. బెంగళూరు ఎత్తులో గాలి ఒత్తిడి 910 మిల్లీబార్ల దగ్గర ఉంటుంది, సముద్రమట్టం దగ్గర 1013. ఎస్‌ఏఈ జే1349 ప్రమాణం 25 డిగ్రీలు, 990 మిల్లీబార్ల పొడి గాలిని ఆధారంగా తీసుకుని, ఆ రోజు వాతావరణం దానికంటే ఎంత తక్కువో చూసి పవర్‌ని పెంచి చూపిస్తుంది. టర్బో లేని ఇంజిన్‌కి అది న్యాయమే. గాలి ఎంత పలచబడితే దాని పవర్ ఇంచుమించు అంత పడిపోతుంది.

టర్బో ఇంజిన్ అలా కాదు. ఈ 1.8 ఇంజిన్ ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, మానిఫోల్డ్‌లో (సిలిండర్లకి గాలి పంచే గొట్టంలో) ఉండాల్సిన ఒత్తిడిని అబ్సల్యూట్‌లో, అంటే బయటి గాలితో పోల్చకుండా సున్నా నుంచి లెక్కించి, అడుగుతుంది. బయట 910 ఉన్నా 1013 ఉన్నా దానికి కావాల్సింది, ఈ మ్యాప్‌లో, 2,200 మిల్లీబార్లు. బెంగళూరులో అది తేవడానికి టర్బో గాలిని 2.4 రెట్లు నొక్కాలి, చెన్నైలో 2.2 రెట్లు చాలు. అంటే ఎత్తులో టర్బో ఎక్కువ కష్టపడుతుంది, గాలి ఎక్కువ వేడెక్కుతుంది, ఇంజిన్‌కి మాత్రం దాదాపు అదే గాలి అందుతుంది. పవర్ పడేది కొద్దిగానే. జే1349లోనే దీనికి జవాబుంది: బూస్ట్‌ను (టర్బో నొక్కి పెంచే ఒత్తిడిని) అబ్సల్యూట్ ప్రెషర్ మీద కంట్రోల్ చేసే ఇంజిన్లకి బారోమీటర్ దిద్దుబాటు వేయకూడదని. డైనో సాఫ్ట్‌వేర్‌లో ఆ గడి మార్చడం ఆపరేటర్ చేతిలో పని. మార్చితే అంకె తగ్గుతుంది, కస్టమర్ మొహం కూడా తగ్గుతుంది. అందుకే ఎవరూ మార్చరు. ఎస్‌టీడీ అనే ఇంకో గడి కూడా ఉంటుంది. అది నొక్కితే ఎస్‌ఏఈ కంటే ఇంకో రెండు, నాలుగు శాతం పెరుగుతుంది.

ఎత్తు దిద్దుబాటు అసలు వద్దని కాదు. టర్బో అంత కష్టపడటం వల్ల పై ఆర్‌పీఎంలో కొంత పోతుంది. ఈ చిన్న ఐహెచ్ఐ టర్బోలతో నా అనుభవంలో అది రెండు, మూడు శాతం. 207కి అది కలిపితే 212. ఈ బండి సముద్రమట్టం దగ్గర చేయగల నిజమైన పవర్ అదని నా అంచనా. అప్పుడు 35లో 25 గుర్రాలు అసలెప్పుడూ పుట్టనే లేదు. స్ట్రిప్ మీద మంచి పరుగులో పోయింది పదే.

సునాబెడ హెచ్‌ఏఎల్‌లో ఇంజిన్ టెస్టింగ్ చేసి రిటైరైన ఒకాయన సాయంత్రాలు మా షెడ్డుకి వస్తుంటారు. 1960లలో మిగ్-21 ఇంజిన్ల కోసం పెట్టిన ఫ్యాక్టరీ అది. కుర్రాడు గర్వంగా 237 చూపిస్తే ఆయన అంకె వైపు చూడకుండా "ఆ రోజు గది టెంపరేచర్ ఎంత బాబూ, ప్రెషర్ ఎంత?" అని అడిగారు. జెట్ ఇంజిన్ అయినా ఆక్టేవియా అయినా మొదట అడగాల్సింది అదే.

మిగిలిన పది, ఆ తరవాతి పదమూడు

కాగితం సంగతి తేలాక బండి సంగతి. వీసీడీఎస్ (బండి కంప్యూటర్లని చదివే పరికరం) తగిలించి ఆర్‌పీఎం, అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత, ఒక్కో సిలిండర్‌కి టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) ఎంత వెనక్కి లాగిందో, చక్రం వేగం రికార్డు చేశాం. రోడ్డు మీద 402 మీటర్లు తీయాలని కుర్రాడి ఉబలాటం. నేను ఒప్పుకోలేదు. ఎన్‌హెచ్ 26 మీద బాక్సైట్ లారీలూ ఆవులూ సరే, మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద రేసింగూ స్పీడ్ ట్రయల్సూ నేరం. తెలిసిన వాళ్ల క్రషర్ యూనిట్ లోపల, ఆదివారం పని లేనప్పుడు, మూడో గేర్‌లో ఒక లాగుడు సరిపోయింది. మిగతావి కుర్రాడు ఈవెంట్ రోజున ఫోన్‌లో రికార్డు చేసుకున్న లాగ్‌లే.

మొదట బయటపడింది పెట్రోల్. బెంగళూరులో డైనో రోజున ట్యాంకులో 99 ఆక్టేన్ ఉంది. చెన్నైకి వెళ్లే దారిలో నింపింది మామూలు పెట్రోల్. అదే మ్యాప్, అదే బూస్ట్, కానీ 6,000 ఆర్‌పీఎం దగ్గర రెండు సిలిండర్లలో టైమింగ్ ఆరు డిగ్రీలు వెనక్కి లాగుతోంది. ఆక్టేన్ తక్కువైతే పెట్రోల్ సిలిండర్‌లో తనంతట తాను పేలుతుంది, దాన్నే నాక్ అంటారు. దాన్ని పసిగట్టే నాక్ సెన్సర్ తన పని తాను చేసింది. ఇంజిన్ బతికింది, పవర్ పోయింది. టర్బో బండిలో ఇలా పోయినప్పుడు డ్రైవర్‌కి ఏమీ తెలీదు. కుదుపు ఉండదు, లైటు వెలగదు.

రెండోది వేడి. ఈ ఇంజిన్‌కి ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చేది) ముందర, ఏసీ కండెన్సర్ వెనకాల, రేడియేటర్‌కి ముందు ఇరుక్కుని ఉంటుంది. ఈవెంట్‌లో లైన్ కదలడానికి అరగంట పట్టేది, మద్రాసు ఎండ, ఉక్క. కుర్రాడు ఏసీ వేసుకుని కూర్చున్నాడు. కండెన్సర్ తన వేడంతా వెనక ఉన్న ఇంటర్‌కూలర్ మీద పోసింది. లాగ్‌లో చివరి పరుగు మొదలైనప్పుడే ఇన్‌టేక్ గాలి 58 డిగ్రీలు, గీత దాటేసరికి 64. బయట ఎండ 33. ఒకే ఒత్తిడిలో గాలి 33 నుంచి 60కి వేడెక్కితే దాని బరువు ఎనిమిది శాతం తగ్గుతుంది, దాని పైన టైమింగ్ ఇంకా వెనక్కి. మొదటి పరుగుకీ చివరి పరుగుకీ మధ్య పోయిన పదమూడు గుర్రాల్లో ఎక్కువ భాగం ఇక్కడే ఉన్నాయి.

డైనో మీద ఇది ఎందుకు కనబడలేదని అడగొచ్చు. డైనో ఆపరేటర్ ఒక పుల్ తీసి, పెద్ద ఫ్యాన్ ముందు బండిని చల్లారనిచ్చి, ఇంకోటి తీసి, అన్నిట్లో పెద్దది ప్రింట్ చేస్తాడు. నాలుగో గేర్‌లో ఒక్క లాగుడు, పది సెకన్లు. స్ట్రిప్ మీద నాలుగు గేర్లు ఒకదాని వెంట ఒకటి, పదిహేను సెకన్లు ఫుల్ థ్రాటిల్, అంతకుముందు అరగంట ఐడ్లింగ్. పైగా మొదటి రెండు గేర్లలో ఆర్‌పీఎం అంత వేగంగా ఎక్కుతుంది కాబట్టి టర్బో డైనో మీద చేరినంత తీరిగ్గా బూస్ట్‌కి చేరదు, ఇంజిన్ శక్తిలో కొంత ఫ్లైవీల్‌నీ చక్రాల్నీ తిప్పి వేగం పుట్టించడానికే పోతుంది. డైనో నాలుగో గేర్ గ్రాఫ్‌లో ఇవి ఇంతగా ఉండవు.

మూడోది నాకు ముందునుంచీ అనుమానంగా ఉన్నది, గేర్‌బాక్స్. ఈ ఆక్టేవియాలో ఉండేది డీక్యూ200, పొడి క్లచ్‌ల డీఎస్‌జీ. దాని సామర్థ్యం 250 న్యూటన్ మీటర్లు. కంపెనీ 1.8 ఇంజిన్‌కి సరిగ్గా 250 దగ్గర ఆపడం ఊరికే కాదు. స్టేజ్ 1 మ్యాప్ 2,200 ఆర్‌పీఎంకే 345 తెచ్చింది. సీట్లో వెన్ను అదిరిపోతుంది, స్నేహితులకి చూపించుకోవడానికి బ్రహ్మాండం.

క్లచ్ జారుతోందా లేదా అని చూడటానికి లాగ్‌లో ఒక చిన్న పని చేస్తాను, ఎక్సెల్ ఉంటే చాలు. ఒకే గేర్‌లో ఉన్నంతసేపూ ఇంజిన్ ఆర్‌పీఎంని చక్రం వేగంతో భాగిస్తే వచ్చే అంకె మారకూడదు. గేర్ పళ్ల లెక్క అది, కదలడానికి వీల్లేదు. కుర్రాడి లాగ్‌లో నాలుగో గేర్ పడ్డాక మొదటి సెకనులో ఆ అంకె మూడు శాతం పైన ఉండి, మెల్లగా కిందికి వచ్చి స్థిరపడింది. మొదటి పరుగుల్లో లేదు, చివరి పరుగుల్లో ఉంది. చక్రం జారి ఉంటే ముందు చక్రాల వేగం వెనక చక్రాల కంటే ఎక్కువ చూపించాలి, నాలుగింటి వేగమూ ఒకటే ఉంది. అంటే జారింది క్లచ్. దాని వెనకే గేర్‌బాక్స్ కంప్యూటర్ క్లచ్ వేడిని అంచనా వేసి, టార్క్ తగ్గించమని ఇంజిన్‌ని అడగటం కూడా లాగ్‌లో కనబడింది.

కుర్రాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. "టార్క్ తగ్గిస్తే బండి చచ్చిపోద్దన్నా" అన్నాడు. వాడి భయం అర్థమవుతుంది. ఊళ్లో అందరికీ 237 అని చెప్పి ఉన్నాడు.

ఏం మార్చాం

మ్యాప్ నేను రాయను. హైదరాబాద్‌లో ఒక స్నేహితుడు రాస్తాడు, నేను లాగ్‌లు పంపి, ఫైల్ ఎక్కించి, మళ్లీ లాగ్‌లు పంపుతాను. అతనికి చెప్పింది ఒకటే: కింద తగ్గించు, పైన నిలబెట్టు. టార్క్‌ని 3,000 దాకా మెల్లగా ఎక్కించి 300 దగ్గర ఆపాడు. 300 కూడా డీక్యూ200కి ఎక్కువే. వీధిలో రోజూ ఇలా తొక్కితే క్లచ్ ఆయుష్షు తగ్గుతుందని కుర్రాడికి రాసిచ్చాను. పైన 5,500 దాటాక టైమింగ్‌ని 95 ఆక్టేన్‌కి తగ్గట్టు ఉంచాడు. మాకు ఇక్కడ నమ్మకంగా దొరికేది అదే. 99 కోసం రాసిన మ్యాప్ జయపురంలో అలంకారానికే పనికొస్తుంది.

ఎందుకు పైన? డ్రాగ్‌లో బండి మొదటి గేర్ దాటాక కింద ఆర్‌పీఎంలో ఉండదు. 6,200 దగ్గర రెండు నుంచి మూడుకి మారితే ఆర్‌పీఎం 4,200కి పడుతుంది, మూడు నుంచి నాలుగుకి 4,500కి. అంటే పరుగు మొత్తంలో ఎక్కువ భాగం 4,200 నుంచి 6,200 మధ్యనే గడుస్తుంది. 2,200లో ఉన్న 345 టార్క్ స్ట్రిప్ మీద ఎప్పుడూ వాడుకోలేదు. పాత డైనో గ్రాఫ్‌ని ఈ కంటితో చూస్తే, 4,900 దగ్గర 176 శిఖరం, అక్కణ్నుంచి జారుడు, 6,000కి 155. ఆ శిఖరాన్ని బండి ఒక్కో గేర్‌లో రెప్పపాటు మాత్రం తాకి దాటిపోతుంది.

ఇంటర్‌కూలర్ పెద్దది వేశాం, అదే స్థానంలో కూర్చునే దళసరి కోర్. ఖర్చులో ఎక్కువ భాగం దీనిదే. లాంచ్ కోసం ముందు టైర్లలో గాలి కొద్దిగా తగ్గించడం, ఆర్‌పీఎం 2,500 దాటకుండా బ్రేక్ వదలడం, వదిలాక పెడల్‌ని ఒక్కసారిగా కాకుండా తొక్కడం, ఇవి కుర్రాడే సాధన చేసుకున్నాడు. లైన్‌లో ఉన్నంతసేపూ ఏసీ ఆపాలి, బానెట్ ఎత్తి పెట్టాలి. గేర్‌బాక్స్‌కి అడాప్టేషన్ (క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటర్‌కి నేర్పడం) మళ్లీ చేయించాం, క్లచ్ మార్చలేదు.

బెంగళూరు పని మీద వెళ్లినప్పుడు అదే డైనో, అదే నాలుగో గేర్, అంతే టైర్ ప్రెషర్‌తో మళ్లీ ఎక్కించమని, దిద్దుబాటు లేని అంకె మాత్రమే రాసివ్వమని చెప్పి పంపాను. 174. పాతదానికంటే రెండు తక్కువ. ఫోన్ చేసి, "అన్నా, ఇంత డబ్బెట్టి రెండు గుర్రాలు పోగొట్టుకున్నాను" అన్నాడు. గ్రాఫ్ ఫోటో పంపమన్నాను. శిఖరం 5,300కి జరిగింది, 6,000 దగ్గర 155 ఉన్నచోట ఇప్పుడు 168 ఉంది. టార్క్ గీత కింద బాగా చదునైంది. నాకు కావాల్సింది అదే. పదమూడు గుర్రాలు పైన చేరాయి, బండి నిజంగా తిరిగే చోట. ప్రింటవుట్ శిఖరాన్ని మాత్రమే పెద్ద అక్షరాల్లో వేస్తుంది కాబట్టి వాడికి అవి కనబడలేదు.

తరవాతి ఈవెంట్ అదే స్ట్రిప్ మీద, చలికాలంలో. ధర్మకాటా మీద మళ్లీ తూచితే అదే 1,470. బాగా పడిన పరుగు ఈటీ 14.86, ట్రాప్ 151.5. లెక్క వేస్తే 212. సిక్స్టీ ఫుట్, అంటే మొదటి అరవై అడుగులకి పట్టే సమయం, 2.46 నుంచి 2.31కి వచ్చింది. ఈటీలో తగ్గిన అర సెకను పైచిలుకులో దాదాపు సగం అక్కడిదే, మిగతాది పవర్‌ది. అంతకంటే నాకు నచ్చింది ఆఖరి పరుగు: 150.4. మునుపు మొదటికీ చివరికీ మధ్య మూడున్నర కిలోమీటర్లు పడిపోయిన బండి ఇప్పుడు ఒకటి మాత్రమే పడింది. లాగ్‌లో ఇన్‌టేక్ గాలి 44తో మొదలై 49 దగ్గర ఆగింది. నాలుగో గేర్‌లో ఆర్‌పీఎం, వేగం నిష్పత్తి కదల్లేదు.

ఈ లాభమంతా మా పనిదే అనను. ఆ రోజు బయట 28 డిగ్రీలు, మునుపు 33. ఆ తేడాకే గాలి ఒకటిన్నర శాతం చిక్కబడుతుంది, టర్బో బండిలో అందులో సగమైనా పవర్‌గా కనబడుతుంది. ఒకటి రెండు గుర్రాలు వాతావరణానికి వదిలేస్తున్నాను. చల్లటి గాలి ఎదురు కూడా ఎక్కువ నెడుతుంది. 150 వేగంలో గాలిని చీల్చడానికే ఈ బండికి ముప్పై అయిదు గుర్రాల పైన ఖర్చవుతాయి. ఘాటు మీద పలచటి గాలిలో ఆ ఖర్చు పది శాతం తగ్గుతుంది. కొరాపుట్‌లో బండి బాగా పోతోందని అనిపించడంలో దానికీ కొంత వాటా ఉంది.

రెండో డైనో ప్రింటవుట్‌ని కుర్రాడు లామినేట్ చేయించలేదు. టైమ్ స్లిప్ చేయించాడు. సిక్స్టీ ఫుట్ ఇంకా 2.31 దగ్గరే ఉంది, రెండో గేర్ పడగానే లోపలి చక్రం కాస్త తిరుగుతోంది, 205 వెడల్పు టైర్లకి ఇంతకంటే పట్టు రాదు. పెద్ద టర్బో వేద్దామా అని అడుగుతున్నాడు. ముందు టైర్లు మార్చమన్నాను, ఈ గేర్‌బాక్స్ ఉన్నంతవరకు టర్బో జోలికి వెళ్లనని కూడా చెప్పాను. ఇంకా తేలలేదు.